పోపుల డబ్బాలో డబ్బు

"ఇంజిన్ ముట్టుకోనక్కర్లేదమ్మా, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మారిస్తే చాలు, బండి దూసుకెళ్తుంది!" అంటాడు మా అబ్బాయి. మాది టర్బో పెట్రోల్ కారు. రీమ్యాప్ చేయిద్దామని నెలరోజులుగా వాళ్ల నాన్న వెంట పడుతున్నాడు.

నేనూ అడిగి తెలుసుకున్నాను. టర్బో ఎంత గాలి నెట్టాలో, ఎంత పెట్రోలు పడాలో, స్పార్క్ ఎప్పుడు రావాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చెబుతుందట. ఎండలు మండినా, పెట్రోలు నాసిగా ఉన్నా ఇంజిన్ తట్టుకునేలా కంపెనీ కొంత బలాన్ని వాడకుండా ఉంచుతుంది. రీమ్యాప్ చాలావరకు తీసి వాడేది దాన్నే. ఆ అదనపు భారం పిస్టన్లు, క్లచ్, గేర్‌బాక్స్ మోయాలి.

అది మనం పోపుల డబ్బాలో దాచే డబ్బులాంటిది. ఊరికే ఉంది కదా అని ఖర్చు పెట్టేస్తే, అవసరం పడిన రోజు ఏం చేస్తాం?

వారంటీకి ముప్పు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకపోతే క్లెయిము దగ్గర చిక్కు. పైగా అర్ధరాత్రి అత్తయ్యగారికి ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్లేది ఆ కారులోనే.

"నీ జీతంతో బండి కొనుక్కుని, ముందు బ్రేకులు, టైర్లు చూసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి అప్పుడు చేయించుకో" అన్నాను. మూతి ముడుచుకున్నాడు. పిల్లల సరదాలు కాదనకూడదు, నిజమే. కానీ ఇంటిల్లిపాదీ ఎక్కే బండి మీద మాత్రం కాదు.