బీమా లేని బండి గుద్దితే



సిరోంచ తాలూకా నుంచి వచ్చి మన మిల్లులో పనిచేస్తున్న సోదరుడొకరు సెలవు మీద ఊరికి పోయి, కాలికి సిమెంటు పట్టీతో మంచాన పడ్డాడు. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటి మోటారు సైకిలు మీద ఇంటికి పోతుంటే పత్తి ట్రాక్టరు వెనుక నుంచి గుద్దింది. రెండు చోట్ల ఎముక విరిగింది. ట్రాక్టరుకు బీమా లేదు. నడిపిన కుర్రవాడికి లైసెన్సు లేదు. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని ఇరవై వేలు ఇప్పిస్తామన్నారు. "బీమా లేని బండి మీద కోర్టుకు పోతే ఏమొస్తది, ఇచ్చింది తీస్కో" అన్నారు. రాజీ కాగితం మరాఠీలో ఉంది. సంతకం పెట్టే ముందు, ఎందుకో మనసొప్పక, మన ఆఫీసుకు ఫోను చేశాడు. పెట్టవద్దని చెప్పాం. ఎందుకు వద్దన్నామో అందరికీ తెలియాలని ఈసారి సంపాదకీయం దీని మీదే రాస్తున్నాం.

బీమా లేకపోతే నష్టపరిహారం లేదన్నమాట శుద్ధ తప్పు. బీమా ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే యజమాని తన జేబులోంచి కట్టాలి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను కింద, తప్పు ఎవరిదని రుజువు చేయనక్కరలేకుండానే, ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే 2.5 లక్షలు ఇవ్వాలి. ఎముక విరగడం చట్టం లెక్కలో తీవ్ర గాయమే. ఇరవై వేలెక్కడ, రెండున్నర లక్షలెక్కడ! డ్రైవరు తప్పు రుజువు చేయగలిగితే 166వ సెక్షను కింద పోయిన కూలి, వైద్యం ఖర్చు, అవిటితనం అన్నీ లెక్కగట్టి అడగవచ్చు. రెంటిలో ఏది మేలో వకీలుతో మాట్లాడి తేల్చుకోవాలి.

గెలిచినా యజమాని ఇవ్వకపోతే? ఇది న్యాయమైన అనుమానం. ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపితే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు. కానీ ఏ ఆస్తీ లేనివాడి దగ్గర తీర్పు కాగితమే మిగులుతుంది. దాచిపెట్టి లాభం లేదు. అందుకే మేము మొట్టమొదట అడిగిన ప్రశ్న "ట్రాక్టరు ఎక్కడుంది?" అని.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, ప్రమాదం చేసిన బండికి బీమా లేకపోతే, యజమాని తగిన పూచీ చూపేదాకా కోర్టు ఆ బండిని వదలకూడదు. పూచీ చూపకపోతే పోలీసుల చేతికొచ్చిన మూడు నెలల తర్వాత మేజిస్ట్రేటు దాన్ని వేలం వేయించి, ఆ డబ్బు ట్రిబ్యునల్లో జమ చేయించాలి. అంటే ఆ ట్రాక్టరే మన బీమా. రాజీ మాటల్లో పడి కేసు పెట్టకపోతే అది తెల్లారేసరికి పత్తి చేనుకు పోతుంది, మన చేతిలో ఏమీ ఉండదు. పెద్దమనుషుల తొందర ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వంతెనకు ఇటు మహారాష్ట్ర, అటు తెలంగాణ. మాది కాదంటే మాది కాదని ఠాణాల వాళ్ళు తిప్పవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ హద్దులో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. బండి నంబరు, ఫోటో మాత్రం అక్కడికక్కడే తీసుకోండి. "నేను ఎప్పుడో అమ్మేశాను" అని యజమాని అంటే బెదరవద్దు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం ముందు వాళ్ళే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

దరఖాస్తుకు చట్టంలో గడువు ఆరు నెలలు. గడ్చిరోలి జిల్లా కోర్టు సిరోంచకు దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడికే పోవాలని లేదు, మనం నివాసముంటున్న చోటి ట్రిబ్యునల్లో వేయవచ్చు. వకీలు ఫీజు భయమా? న్యాయ సేవల చట్టం 1987 కింద పారిశ్రామిక కార్మికుడికి ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ముప్ఫై ఏళ్ళు మగ్గాల దగ్గర పనిచేసిన మాకే ఆలస్యంగా తెలిసింది!

గుద్దినవాడు ఆనవాలు లేకుండా పారిపోతే దారి వేరు. అప్పుడు ప్రభుత్వ పథకం కింద ప్రాణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు మాత్రమే.

వైద్యం సంగతి. 2025 మే 5 నుంచి అమలైన నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా చికిత్స ఉచితం. గుద్దిన బండికి బీమా లేకపోయినా వర్తిస్తుంది. ఈఎస్‌ఐ ఉన్నవారికి ఆ వైద్యమూ, 91 రోజుల దాకా 70 శాతం కూలీ ఉంటాయి. ఇదే ప్రమాదం డ్యూటీకి వస్తూనో పోతూనో జరిగితే పని గాయంగా 90 శాతం అడగవచ్చు. సైకిలు మీద డ్యూటీకి పోతూ లారీ గుద్దిన కేరళ కార్మికుడికి 1996లో సుప్రీంకోర్టు దాన్ని కాదన్నది. 2010 చట్ట సవరణతో ఆ హక్కు వచ్చింది.

ఇక మన ఇంటి సంగతి. దేశంలో తిరిగే బళ్ళలో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘం 2024లో చెప్పింది. మన మిల్లు స్టాండులో నిలబెట్టిన బళ్ళ మాటేమిటి? కొత్తబండితో వచ్చిన ఐదేళ్ళ పాలసీ ముగిసిన సంగతే చాలామంది చూసుకోలేదు. రేపు మనమే ఒక కూలీని గుద్దితే ఆ 2.5 లక్షలు మన ఇంటి మీద పడతాయి. పాలసీ కట్టేటప్పుడు యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉందో లేదో చూడండి. అవతలి బండికి బీమా ఉన్నా లేకున్నా, ప్రాణం పోయినా శాశ్వతంగా అవిటితనం వచ్చినా అదే ఆదుకుంటుంది. అయితే లైసెన్సు ఉండాలి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (2 లక్షలు) కట్టనివాళ్ళు ఈ వారమే కట్టండి.

సిరోంచ సోదరుడి ఫిర్యాదు నమోదైంది. ట్రాక్టరు ఠాణా ఆవరణలోనే ఉంది. విడిపించుకోవడానికి యజమాని పెట్టిన దరఖాస్తు వచ్చే సోమవారం కోర్టు ముందుకు వస్తున్నది. పూచీ లేకుండా వదలవద్దని అభ్యంతరం వేయడానికి యూనియన్ తరఫున ఇద్దరం ఆదివారం రాత్రి బస్సుకు పోతున్నాం. ఇటువంటి కేసులున్నవారు ఎఫ్‌ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితాలు తీసుకుని బుధవారం మొదటి షిఫ్టు దిగాక ఆఫీసుకు రండి.