గానుగెద్దులా తిరిగే లెక్క

పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు... ఈ సామెత తెలియని తెలుగిల్లు ఉండదు. ఇలాంటి చిక్కులోనే ఒక్కోసారి మన ఎక్సెల్ షీటు కూడా పడుతుంది. ఈ గడిలో అంకె తేలాలంటే ఆ గడిలోది కావాలి. ఆ గడిలోది తేలాలంటే మళ్లీ ఈ గడిలోదే కావాలి! కంప్యూటర్ గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది తప్ప ముందుకు కదలదు. దీన్నే 'సర్క్యులర్ రిఫరెన్స్' అంటారు.

ఇంటి ఖర్చులు, పెళ్లి లెక్కలు, అపార్ట్‌మెంట్ సంఘం జమాఖర్చులు... ఇప్పుడు చాలామంది ఇవన్నీ ఎక్సెల్‌లోనో, ఫోన్‌లోని గూగుల్ షీట్స్‌లోనో రాసుకుంటున్నారు. కింద కనిపించే మొత్తాన్ని చూసే ఎంత అప్పు చేయాలో, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలో నిర్ణయిస్తున్నారు. ఆ మొత్తమే తప్పయితే? అందుకే ఈ వారం ఆ తప్పును పట్టుకోవడం, సరిచేయడం ఎలాగో చూద్దాం.

ఒక చిన్న మాట. ఇక్కడ ఫార్ములాలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. మీరు టైప్ చేసేటప్పుడు మాత్రం 'బి', 'సమ్' లాంటివాటిని కీబోర్డు మీది ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

పెళ్లి పద్దు చూద్దాం

బి2 నుంచి బి7 వరకు ఆరు ఖర్చులు రాశామనుకోండి. ఫంక్షన్ హాలు 90,000. భోజనాలు 1,60,000. బట్టలు 80,000. తాళి, మెట్టెలు 60,000. పురోహితుడు, మేళం 25,000. ఫొటోలు, వీడియో 35,000. బి8 పైఖర్చుల కోసం ఖాళీగా ఉంచాం. బి9లో మొత్తం రావాలి. =సమ్(బి2:బి8) అని కొడితే 4,50,000 వస్తుంది. బాగానే ఉంది.

చెయ్యి కాస్త జారి =సమ్(బి2:బి9) అని పడిందనుకోండి. బి9లో ఉన్న ఫార్ములా బి9నే కలుపుకోమంటోంది. అంటే మొత్తంలో మొత్తాన్ని కలపాలి! వెంటనే ఎక్సెల్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఓకే కొడితే గడిలో 0 కనిపిస్తుంది. ఇది తేలికపాటి తప్పు. మొత్తం సున్నా అని ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది కాబట్టి ఇట్టే దొరికిపోతుంది. బి నిలువు వరుస అంతా కలపమంటూ =సమ్(బి:బి) అని రాసి, ఆ ఫార్ములాను అదే వరుసలో పెట్టినా ఇదే జరుగుతుంది. ఫార్ములాను పక్క వరుసలోకి మార్చితే సరిపోతుంది.

అసలు ప్రమాదం రెండో రకంతో. పెళ్లన్నాక లెక్కకందని ఖర్చులు ఉంటాయి కదా, మొత్తంలో పది శాతం పైఖర్చుల కింద వేద్దామనుకున్నాం. బి8లో =బి9*10% అని రాశాం. చూడటానికి తప్పేమీ లేదు. కానీ బి9లోని మొత్తం బి8ని కలుపుకునే తయారవుతుంది. బి8 ఏమో బి9 మీద ఆధారపడింది. పిచ్చీ పెళ్లీ కథే!

ఈసారీ హెచ్చరిక వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే ఓకే నొక్కేస్తారు. పైఖర్చుల గడిలో 0 కనిపిస్తుంది. మొత్తం దగ్గర మాత్రం అంతకుముందు వచ్చిన 4,50,000 అలాగే ఉండిపోవచ్చు. ఎందుకంటే ఇలాంటి వలయంలో పడినప్పుడు ఎక్సెల్ సున్నాను గానీ, అంతకుముందు లెక్కించిన విలువను గానీ చూపిస్తుంది. మొత్తం నమ్మేటట్టే ఉంది కదా! కాగితం మీద ప్రింటు తీస్తే ఏ హెచ్చరికా ఉండదు. పైఖర్చులకంటూ ఒక్క రూపాయి కూడా పక్కన పెట్టకుండానే పెళ్లిపనులు మొదలవుతాయి. ఒకసారి చెప్పాక, అలాంటి తప్పు ఇంకొకటి చేసినా ఎక్సెల్ చాలాసార్లు మళ్లీ చెప్పదు. అసలు ముప్పు ఈ మౌనంతోనే.

ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ముందుగా ఎక్సెల్ కిటికీ అడుగున ఎడమవైపు చూడండి. దాన్ని స్టేటస్ బార్ అంటారు. అక్కడ 'సర్క్యులర్ రిఫరెన్సెస్' అనే మాట, పక్కనే గడి పేరు కనిపిస్తాయి. మాట ఉండి గడి పేరు లేకపోతే, తప్పు మీరు చూస్తున్న షీటులో కాకుండా వేరే షీటులో ఉందన్నమాట. అడుగున ఉన్న షీట్ల పేర్ల మీద ఒక్కొక్కటిగా క్లిక్ చేస్తూ వెళ్లండి. గడి పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి.

ఇంకో దారి ఉంది. పైన 'ఫార్ములాస్' ట్యాబ్‌లోకి వెళ్లి, 'ఎర్రర్ చెకింగ్' పక్కనున్న బాణం గుర్తు నొక్కండి. వచ్చే జాబితాలో 'సర్క్యులర్ రిఫరెన్సెస్' మీద మౌస్ ఉంచితే గడి పేరు వస్తుంది. దాన్ని క్లిక్ చేస్తే కర్సర్ నేరుగా అక్కడికే వెళ్తుంది.

అయితే ఎక్సెల్ చూపించిన గడిలోనే తప్పుందని అనుకోవద్దు. అది వలయంలో ఒక గడి, అంతే. మిగతా గడులు కూడా తెలియాలంటే ఆ గడి మీద ఉండి, అదే ట్యాబ్‌లోని 'ట్రేస్ ప్రిసిడెంట్స్' నొక్కండి. ఈ గడికి అంకెలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో బాణాలు గీసి చూపిస్తుంది. మళ్లీ నొక్కితే ఇంకో మెట్టు వెనక్కి వెళ్తుంది. పెళ్లి పద్దులో అయితే బి8 నుంచి బి9కి, బి9 నుంచి తిరిగి బి8కి వచ్చేస్తాం. వలయం దొరికింది!

ఫార్ములాలన్నీ ఒకేసారి చూడాలంటే కంట్రోల్ మీట పట్టుకుని, ఎస్కేప్ మీట కింద ఉండే చిన్న వాలుగీత గుర్తు మీటను నొక్కండి. అంకెల బదులు ఫార్ములాలు కనిపిస్తాయి. మళ్లీ అదే నొక్కితే అంకెలు తిరిగొస్తాయి.

షీటు పెద్దదై బాణాలు అల్లిబిల్లిగా అల్లుకుపోతే మరో ఉపాయం. ఫైలుకు ఒక కాపీ తీసుకోండి. ఆ కాపీలో అనుమానం ఉన్న ఫార్ములాను చెరిపి, అక్కడ మామూలు అంకె ఏదైనా వేయండి. స్టేటస్ బార్‌లోని మాట మాయమైతే ఆ గడి వలయంలో ఉన్నట్టే. మాయం కాకపోతే ఫార్ములాను తిరిగి పెట్టి, తర్వాతి గడిని చూడండి. ఒకటి సరిచేశాక ఇంకో గడి పేరు కనిపిస్తే కంగారు పడొద్దు. రెండో వలయం కూడా ఉందన్నమాట. ఆ మాట పూర్తిగా పోయేదాకా ఆగకూడదు.

గూగుల్ షీట్స్ వాడేవారికి ఈ బాధ కాస్త తక్కువ. అక్కడ సున్నా రాదు. గడిలోనే రిఫ్ అనే ఎర్రర్ కనిపిస్తుంది. దాని మీద మౌస్ పెడితే 'సర్క్యులర్ డిపెండెన్సీ' అని కారణం కూడా చెబుతుంది. లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో అయితే 522 నంబరు ఎర్రర్ వస్తుంది.

సరిచేయడం అంటే ఆలోచించడమే

గడి దొరికాక చాలామంది ఫార్ములా తీసేసి చేత్తో ఒక అంకె వేసేస్తారు. హెచ్చరిక పోతుంది కానీ తప్పు పోదు. రేపు భోజనాల ఖర్చు పెరిగితే ఆ అంకె మారదు.

అసలు మనం ఏమనుకున్నామో తేల్చుకోవాలి. 'మొత్తంలో పది శాతం' అంటే ఏ మొత్తం? ఆరు ఖర్చుల మొత్తమైతే బి8లో =సమ్(బి2:బి7)*10% అని రాయాలి. పైఖర్చులు 45,000, మొత్తం 4,95,000 అవుతుంది. అలా కాదు, పైఖర్చులు కూడా కలిసిన ఆఖరు మొత్తంలో పది శాతం ఉండాలంటే లెక్క వేరు. అప్పుడు ఆ ఆరు ఖర్చులు ఆఖరు మొత్తంలో తొంభై శాతం అన్నమాట. పైఖర్చులు అందులో తొమ్మిదో వంతు. బి8లో =సమ్(బి2:బి7)/9 అని రాస్తే 50,000, మొత్తం 5,00,000 వస్తుంది. ఒక్క మాటకు అర్థం తేల్చుకోనందుకు 5,000 రూపాయల తేడా! ఇందులో ఏది కావాలో ఎక్సెల్ చెప్పలేదు. ఇంట్లోవాళ్లే చెప్పాలి.

అప్పు లెక్కలోనూ ఇదే మెలిక. ఖర్చు 4,95,000, చేతిలో 3,15,000 ఉన్నాయి. ఇంకా 1,80,000 కావాలి. అప్పిచ్చేవారు పది శాతం వడ్డీ ముందే కోసుకుని ఇస్తామన్నారు. ఎంత అప్పు తీసుకోవాలి? కావలసిన సొమ్ముకు వడ్డీ కలపాలి. వడ్డీ తెలియాలంటే అప్పు తెలియాలి. మళ్లీ వలయమే! 1,80,000కి పది శాతం 18,000 కలిపి 1,98,000 తీసుకుంటే, కోత 19,800 పోయి చేతికి 1,78,200 మాత్రమే వస్తుంది. 1,800 తక్కువ పడుతుంది. చేతికొచ్చేది అప్పులో తొంభై శాతం కాబట్టి, కావలసిన సొమ్మును 90 శాతంతో భాగించాలి. 1,80,000/90% అని కొడితే 2,00,000. వడ్డీ గడిలో దీనికి పది శాతం రాసుకోవచ్చు. అప్పు ఇప్పుడు వడ్డీ గడి మీద ఆధారపడటం లేదు కాబట్టి వలయం తెగిపోయింది.

ఆ టిక్కుతో జాగ్రత్త

ఎక్సెల్‌లో 'ఫైల్', 'ఆప్షన్స్', 'ఫార్ములాస్' వరుసగా తెరిస్తే 'ఎనేబుల్ ఇటరేటివ్ క్యాల్క్యులేషన్' అని ఒక గడి ఉంటుంది. అక్కడ టిక్కు పెడితే హెచ్చరికలు ఆగిపోతాయి. వలయంలో ఎక్సెల్ మళ్లీ మళ్లీ తిరిగి లెక్కిస్తుంది. మనం మార్చకపోతే 100 సార్లు తిరుగుతుంది, లేదా మార్పు 0.001 కంటే తగ్గితే ఆగుతుంది.

అప్పు లెక్కకు ఇది పనికొస్తుంది. వడ్డీ 18,000, తర్వాత 19,800, ఆపై 19,980, 19,998... ఇలా 20,000 దగ్గరకు చేరుతుంది. ఆర్థిక రంగంలో, ఇంజినీరింగులో తెలిసినవారు కావాలనే దీన్ని వాడుతుంటారు. కానీ మొదటి తప్పు ఉన్న షీటులో ఇదే టిక్కు పెట్టి చూడండి. బి9 తనను తాను కలుపుకుంటూ తిరిగిన ప్రతిసారీ 4,50,000 పెరుగుతుంది. 100 సార్లు తిరిగేసరికి నాలుగున్నర లక్షల పెళ్లి నాలుగున్నర కోట్లు అవుతుంది!

ఇంకో సంగతి. ఈ టిక్కు ఒక్క ఫైలుకే పరిమితం కాదు. ఎక్సెల్‌లో మీరు మొదట తెరిచిన ఫైలులో ఆ టిక్కు ఉంటే, తర్వాత తెరిచినవాటికీ అదే వర్తిస్తుంది. ఎవరో పంపిన ఫైలు ముందు తెరిచి, ఆ వెంటనే మీ పద్దు తెరిస్తే మీ తప్పుల మీదా హెచ్చరిక రాదు. కాబట్టి అలాంటి ఫైళ్లు మూసేశాకే, ఎక్సెల్‌ను మళ్లీ తెరిచి సొంత లెక్కలు చూసుకోండి.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజిక్యాల్క్ 1979లో వచ్చింది. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. లెక్క వలయంలో పడితే లోటస్ తెర అడుగున 'సర్క్' అని చూపించేది. అప్పటి నుంచి ఇప్పటిదాకా కంప్యూటర్లు ఎంత మారినా, ఏది దేని మీద ఆధారపడాలో చెప్పాల్సిన పని మనిషిదే.

ఈ ఆదివారం మీ షీట్లు ఒకసారి తెరవండి. అడుగున ఎడమవైపు ఏమైనా కనిపిస్తోందేమో చూడండి. ఆఖరు మొత్తాన్ని క్యాలిక్యులేటర్‌తో ఒకసారి సరిపోల్చండి. ఈ లెక్క పిల్లలకు ఇవ్వండి: సరుకు 8,000 రూపాయలు. కమీషన్, ఆఖరు బిల్లులో 20 శాతం. బిల్లు ఎంత? 9,600 అంటే తప్పు. 10,000 అంటే మీ ఇంట్లో వలయాన్ని తెంచగలిగే బుర్ర ఒకటి ఉన్నట్టే. ఈసారి పద్దు రాసే పని వాళ్లకే అప్పగించండి!