దవడ నొప్పికి పళ్ళు అరగదీయించుకోవాలా?

మస్కట్‌లో మనవారిలో చాలామంది నెలల తరబడి బాధ ఓర్చుకుని, సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ నెల రోజుల్లోనే వైద్యమంతా చేయించుకు వస్తారు. దవడ నొప్పి విషయంలో ఈ తొందర పనికిరాదని ఈ నెల మనవి చేస్తున్నాము.

చెవిలో పోటు, నమిలితే నొప్పి, నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు – ఇవి ఉన్నవారు చెవి జబ్బనుకుని ముందు మావంటి వైద్యుల దగ్గరకే వస్తారు. చూస్తే చెవి శుభ్రంగా ఉంటుంది. నొప్పి చెవి ముందున్న దవడ కీలుది, లేదా దాన్ని కదిపే కండరాలది. కీలు ఎముకల మధ్య ఉండే మెత్తని బిళ్ళ పక్కకు జరిగితే చప్పుడు వస్తుంది. నొప్పి లేని చప్పుడుకు వైద్యం అక్కరలేదు.

1934లో కాస్టెన్ అనే అమెరికన్ చెవి, గొంతు వైద్యుడు పదకొండు మంది రోగులను చూసి, దీనికి కారణం పళ్ళు సరిగా కలవకపోవడమేనన్నాడు. ఆ మాట చాలాకాలం నిలిచింది. తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. ఎత్తుపళ్ళు ఉన్నవారిలో చాలామందికి ఏ నొప్పీ ఉండదు. ముత్యాల్లాంటి పలువరుస ఉన్నవారికీ నొప్పి వస్తుంది. పళ్ళు బిగించే అలవాటు, ఆందోళన, నిద్రలేమి, దెబ్బలు – వీటి పాత్రే ఎక్కువ. ఒక్కోసారి కీలు అరగడం వల్లనే పళ్ళు కలవకుండా పోతాయి.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సూచనలు కూడా దీర్ఘకాలపు నొప్పికి దవడ వ్యాయామాలను, మానసిక చికిత్సను ముందుంచి, పలువరుసను శాశ్వతంగా మార్చే పరికరాలను వద్దన్నాయి. కొత్తగా నింపిన పన్ను ఎత్తుగా తగిలితే దాన్ని సరిచేయించుకోవడం వేరు. నొప్పి పోతుందని మంచి పళ్ళన్నీ అరగదీయించి తొడుగులు వేయించుకోవడం వేరు. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు.

మరి ఏం చేయాలి? కొన్ని వారాలు ముద్దపప్పు అన్నం, ఇడ్లీ వంటివి తినండి. ఊరినుంచి వచ్చిన చెక్కలు, జంతికలు పిల్లలకు వదిలేయండి. రోజూ వేడి గుడ్డతో కాపడం పెట్టండి. పెదవులు కలిసినా పళ్ళు కలవకుండా ఉంచడం అలవాటు చేసుకోండి. చాలామందికి ఇంతతోనే తగ్గుతుంది.

నోరు తెరుచుకోకపోయినా, వాపు, జ్వరం ఉన్నా వెంటనే వైద్యుని చూడండి. మెట్లెక్కినప్పుడు దవడ లాగి, విశ్రాంతితో తగ్గితే అది గుండె నొప్పి కావచ్చు. దానికి మాత్రం సెలవు దాకా ఆగవద్దు.