కుందేటికి నాలుగు కాళ్లు

'తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు' అన్నది తెలుగువారి నోట నానిన సామెత. నాలుగు కాళ్లు కళ్లెదుట కనిపిస్తున్నా తన మాటే నెగ్గాలని పట్టుబట్టే మొండివానిని ఉద్దేశించి పెద్దలు ఈ మాట అన్నారు. నేడు పట్టణాలలోని ఇళ్లలోకి నిజమైన కుందేలే అడుగుపెట్టింది. దానితోపాటు ఆ సామెత కూడా గడప దాటి లోపలికి వచ్చింది. కుందేటిని ప్రేమిస్తున్నామనుకొనేవారిలో చాలామంది అది ఎటువంటి ప్రాణియో తెలుసుకోవడం లేదు. ఎలా ఉండాలో తామే నిర్ణయించుకొంటున్నారు. ఆ నిర్ణయానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం నోరులేని జీవి.

కుందేలు మన సాహిత్యానికి చిరపరిచితం. చంద్రునిలోని మచ్చలో కుందేటిని చూసి ఆయనను శశాంకుడన్నారు. పంచతంత్రంలో మదించిన సింహాన్ని బావిలో దూకించిన బుద్ధిశాలి కుందేలే. శశజాతకంలో అతిథి ఆకలి తీర్చడానికి తన దేహాన్నే అగ్నికి అర్పించబూనినదీ కుందేలే. అయితే మన పొలాలలో, పొదలలో తిరిగే చెవులపిల్లి వేరు, ఇంట పెరిగే కుందేలు వేరు. పెంపుడు కుందేటి పూర్వులు స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పానికి చెందినవి. అవి నేలలో బొరియలు తవ్వుకొని గుంపులుగా జీవిస్తాయి. వాటి పిల్లలు కళ్లు తెరవకుండా, ఒంటిపై బొచ్చు లేకుండా పుడతాయి. చెవులపిల్లి పిల్లలు పుట్టుకతోనే కళ్లు తెరిచి, బొచ్చుతో ఉంటాయి. చెవులపిల్లి వన్యప్రాణి. దానిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పెంపుడు కుందేటి విషయంలో మనుషులు పట్టుకొని వదలని అపోహలు ప్రధానంగా మూడు. మొదటిది ఆహారానికి సంబంధించినది. బొమ్మల పుస్తకాలలోని కుందేలు ఎప్పుడూ క్యారెట్ కొరుకుతూనే ఉంటుంది. వాస్తవానికి దాని ఆహారంలో అధిక భాగం గడ్డే కావాలి. కుందేటికి ఉండే 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు నిండిన గడ్డిని గంటల తరబడి నమిలినప్పుడే అవి అరుగుతాయి. గడ్డి కరవైతే పళ్లు మితిమీరి పెరిగి నోటిని గాయపరుస్తాయి. పేగుల కదలిక మందగిస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. పన్నెండు గంటలపాటు ఏమీ తినకపోయినా దానికి ప్రాణాపాయమే. అందువల్ల తీపి ఉన్న క్యారెట్ అప్పుడప్పుడు పెట్టే చిన్న ముక్కగా ఉండాలే తప్ప పూటభోజనం కారాదు. ముద్దుగా పెట్టే బిస్కత్తు కూడా దానికి హానికరమే.

రెండవ అపోహ నివాసానికి సంబంధించినది. కుందేటికి పంజరం చాలునని లోకం చాలాకాలం భావించింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988లో ఏర్పడిన హౌస్ రాబిట్ సొసైటీ ఈ భావనను ప్రశ్నించింది. పెరటి గూటిలో ఒంటరిగా పడి ఉండవలసిన జీవి కాదనీ, ఇంటి లోపల కుటుంబం మధ్య బతకగలదనీ ఆ సంస్థ ప్రచారం చేసింది. ఓర్పుతో నేర్పితే కుందేలు ఒక మూలన ఉంచిన తొట్టిలోనే మలమూత్ర విసర్జన చేస్తుంది. సంతోషం కలిగితే గాలిలోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పుతుంది. భయం కలిగితే వెనుక కాలితో నేలను దబ్బున కొట్టి తోటివాటిని హెచ్చరిస్తుంది. అది చాపలు కొరుకుతుంది, విద్యుత్తు తీగలనూ కొరుకుతుంది. తీగలకు తొడుగులు వేయవలసినది ఇంటివారే కాని, కొరకవద్దని కుందేటికి చెప్పి ప్రయోజనం లేదు. తెలుగు నేలపై ఎండ మరొక పెద్ద పరీక్ష. కుందేటికి మనవలె చెమట పట్టదు. పొడవైన చెవుల ద్వారానే ఒంటి వేడిని చాలావరకు తగ్గించుకొంటుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటి ఎండలో డాబాపై ఇనుప పంజరం కొలిమితో సమానం.

మూడవ అపోహ లాలనకు సంబంధించినది. మెత్తని బొచ్చు కనిపించగానే ఎత్తి ఒడిలో పెట్టుకోవాలనిపించడం సహజం. కాని కుందేలు వేటాడే జాతికి చెందినది కాదు, వేటకు గురయ్యే జాతికి చెందినది. తలకు ఇరుపక్కలా ఉన్న కళ్లతో అది దాదాపు అన్ని దిక్కులనూ గమనిస్తూనే ఉంటుంది. కాళ్లు నేలను వీడితే గద్ద తన్నుకుపోతున్నట్లే దానికి తోస్తుంది. అప్పుడు బలంగా తన్నుకొంటుంది. ఆ పెనుగులాటలో దాని వెన్నెముకే విరగవచ్చు. చెవులు పట్టి ఎత్తడం శుద్ధ క్రౌర్యం. అదే కుందేలు, నేలపై పుస్తకం తెరిచి నిశ్శబ్దంగా కూర్చున్నవారి దగ్గరకు తనంతట తానే వస్తుంది. గడ్డాన్ని పుస్తకం అంచుకు రుద్ది తన వాసన అంటిస్తుంది. అది తనదని చెప్పుకొనే పద్ధతి అదే. బలవంతంగా లాక్కొన్న సాన్నిహిత్యానికీ, వేచి ఉండి పొందిన సాన్నిహిత్యానికీ ఉన్న భేదం ఆ క్షణంలో బోధపడుతుంది.

ఇన్ని చిక్కులున్నప్పుడు దానిని స్వేచ్ఛగా వదిలివేయడమే దయ కదా అని కొందరు వాదిస్తారు. వినడానికి ఉదాత్తంగా ఉన్నా ఈ వాదం నిలవదు. తరతరాలుగా మనిషి నీడన పెరిగిన కుందేటిని ఉద్యానవనంలో వదిలితే అది కుక్కల పాలో, గద్దల పాలో అవుతుంది. నేల అనుకూలించి బతికితే మరొక విపత్తు. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట వినోదానికి వదిలిన కుందేళ్లు కొన్ని దశాబ్దాలలోనే ఖండంలో విశేషభాగానికి వ్యాపించి పైర్లను, పచ్చికను నాశనం చేశాయి. తగిన కారణం లేకుండా, ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

కనుక ఆలోచించవలసినది వదిలేటప్పుడు కాదు, తెచ్చుకొనేటప్పుడు. శ్రద్ధగా పెంచితే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఇంటర్మీడియట్‌లో చేరిన ఏడాది ఒక విద్యార్థి కుందేలుపిల్లను ఇంటికి తెస్తే, అతడు పట్టా పుచ్చుకొని, ఉద్యోగంలో చేరి, పెళ్లి చేసుకొనే నాటికీ అది బతికే ఉండవచ్చు. అతడు చదువుకోసం వసతిగృహానికి వెళితే గడ్డి వేసేది ఎవరు? జబ్బు చేస్తే కుందేళ్ల వైద్యం తెలిసిన పశువైద్యుడు ఆ ఊరిలో ఉన్నాడా? జతను తెస్తే నెల రోజులకే పిల్లలు పుడతాయి, వాటన్నింటికీ ఇల్లేది? ఈ ప్రశ్నలకు జవాబు లేనివారు పుట్టినరోజు కానుకగా కుందేటిని కొనకపోవడమే దానిపై చూపే మొదటి దయ.

ప్రాణులపట్ల కారుణ్యం కలిగి ఉండడం పౌరుని ప్రాథమిక విధి అని మన రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. 1976లో చేర్చిన ఈ విధిని జాలిగా మాత్రమే అర్థం చేసుకొంటే చాలదు. జాలి మనకు తోచినది పెడుతుంది. కారుణ్యం ఎదుటి ప్రాణికి ఏది కావాలో తెలుసుకొని పెడుతుంది. క్యారెట్, పంజరం, ఒడి అనే మూడు కాళ్లపై మనుషులు నిలబెట్టిన కుందేలు వారి ఊహలోనిది. సజీవమైన కుందేటికి మరొక కాలు ఉంది. అది దాని సొంత స్వభావం. ఆ నాలుగో కాలును చూసి, తన పట్టు విడిచి, నేలపై దాని ఎత్తుకు దిగి కూర్చోగలిగినవారి ఇంట్లోనే కుందేలు సుఖంగా బతుకుతుంది.