కోతికి అరటిపండు వేస్తే పుణ్యమేనా?

వేసవి సెలవుల్లో ఓ ప్రభుత్వ పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడు కుటుంబంతో కలిసి హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయలుదేరారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే రోడ్డుకు రెండు వైపులా నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులి కనిపిస్తుందేమోనని పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. కనిపించింది మాత్రం కోతుల గుంపు. ఘాట్ మలుపులో పిట్టగోడ మీద వరుసగా కూర్చుని, ఆగే కార్ల కోసం చూస్తున్నాయి.

"ఆంజనేయస్వామి రూపంరా, ఉత్తచేతులతో పోకూడదు" అంటూ తాతయ్య ఓ అరటిపండు రోడ్డు మీదికి విసిరారు. పొట్టను పిల్ల కరుచుకుని ఉన్న తల్లికోతి దాని కోసం దూకింది. అప్పుడే మలుపులోంచి బస్సు వచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. తల్లీబిడ్డలు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఏడో తరగతి చదివే అమ్మాయి అడిగింది: "నాన్నా, ఈ రోడ్డు లేనప్పుడు ఇవి ఏం తినేవి?"

అడవిదారిలో కారు ఆపే ప్రతి ఒక్కరూ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

దక్షిణాదిలో మనకు తరచూ కనిపించే కోతి బానెట్ మకాక్. శాస్త్రీయ నామం మకాకా రేడియేటా. నడినెత్తిన టోపీలా విచ్చుకున్న జుట్టు వల్ల ఆ పేరు వచ్చింది. ఇది సహజంగా జీవించేది మన ద్వీపకల్పంలోనే. గుళ్ల దగ్గర గుంపులుగా తిరుగుతున్నా, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది.

వేసవి అంటే అడవిలో తిండి దొరకని కాలమని చాలామంది అనుకుంటారు. కానీ తునికి, పాల, నేరేడు వంటి పండ్లు దొరికేది వేసవి నుంచి తొలకరి వరకే. కోతి పండ్లను గబగబా బుగ్గసంచుల్లో కుక్కుకుని, వేరేచోట కూర్చుని నమిలి, గింజలు ఉమ్మేస్తుంది. మరికొన్ని గింజలు మలంతో బయటపడతాయి. ఇలా తల్లిచెట్టుకు దూరంగా చేరిన గింజలకు వాన పడ్డాక మొలిచి నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. కోతి రోజంతా పిట్టగోడ మీద కూర్చుంటే ఈ పని ఆగిపోతుంది. నేరేడు గింజ తారు మీద మొలవదు.

పిల్లకోతి తిండి వెతుక్కోవడం తల్లిని చూసే నేర్చుకుంటుంది. రోడ్డు పక్కన పెరిగిన పిల్లకు ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో తెలియదు, ఏ కవరులో తిండి ఉంటుందో తెలుస్తుంది. ఇవ్వని మనిషి మీదికి దూకుతుంది. కరిచినా, గీరినా రేబిస్ ముప్పు ఉంది. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మనిషి తిండికి అలవాటుపడ్డ గుంపు పంటల మీద పడితే నష్టపోయేది పక్క ఊరి రైతు.

మూగజీవి మీద జాలి తప్పా అని అడిగేవారుంటారు. జాలి తప్పు కాదు, దాన్ని చూపే చోటు తప్పు. ఈ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపేస్తున్నారు. పగటి బాధ్యత ప్రయాణికులదే. ఆహారం వేయవద్దన్న బోర్డు ఒక్కటే చాలదు. చెక్‌పోస్టు దగ్గర సిబ్బంది, బస్సులో కండక్టరు, సెలవులకు ముందు బడిలో టీచరు కారణం కూడా చెప్పాలి. కారణం తెలిసిన పిల్లలు పెద్దలనూ ఒప్పించగలరు.

తిరుగు ప్రయాణంలో అరటిపండ్ల సంచి తాతయ్య ఒడిలోనే ఉంది. అదే మలుపులో కోతులు కారు వైపు చూశాయి. ఆయన అద్దం ఎత్తి, కూర్చున్నచోటి నుంచే దండం పెట్టుకున్నారు. కారు ఆగలేదు.