‘బ్యాకప్ అయిపోయింది’ అనే ఝూఠీ గవాహీ

మన మస్జిదు కమిటీల్లో, మదర్సాల్లో, చిన్నచిన్న దుకాణాల్లో హిసాబ్ అంతా ఇప్పుడు కంప్యూటర్‌లోకి పోయింది. మంచిదే. చందా రసీదులు, బైతుల్‌మాల్ ఖాతా, నెలనెలా రేషన్ తీసుకునే బేవాల జాబితా, ఫీజు కట్టాల్సిన యతీం పిల్లల పేర్లు అన్నీ ఎక్సెల్‌లోనే. వాటి నకలు తీయడానికి బస్తీలో కంప్యూటర్ తెలిసిన పిల్లోడెవరో ఒక బ్యాచ్ ఫైలు రాసి డెస్క్‌టాప్ మీద పెట్టిపోతాడు. జుమా నమాజ్ అయ్యాక సెక్రటరీ సాబ్ దాని మీద రెండుసార్లు నొక్కుతారు. నల్ల కిటికీ తెరుచుకుంటుంది, అక్షరాలు పరుగెడతాయి, చివర్న ‘బ్యాకప్ అయిపోయింది’ అని వస్తుంది. అల్‌హందులిల్లా అనుకుని గదికి తాళం వేసి ఇంటికెళ్తారు.

ఆ చివరి మాటను నమ్మొద్దంటాను నేను. అది కంప్యూటర్ చూసి చెప్పిన మాట కాదు, పిల్లోడు ముందే రాసిపెట్టిన మాట. పైన కాపీ జరిగినా జరగకపోయినా, ఎకో అనే ఆ లైను తన వంతు రాగానే పలుకుతుంది. చూడనిదాన్ని చూశానని చెప్పడాన్ని మనం ఝూఠీ గవాహీ అంటాం. మనిషి చెబితే గునాహ్ అనే మనం, మిషన్ చెబితే శుక్రియా అంటున్నాం.

మా జిల్లాలోనే ఒక మస్జిదులో షాబాన్ నెలలో హార్డ్ డిస్క్ పోయింది. ఊరి పేరు రాయను, అవసరం లేదు. ఏడాదిపాటు ప్రతి జుమాకీ ‘అయిపోయింది’ అని చెప్పిన బ్యాకప్ ఫోల్డర్‌ను తెరిస్తే ఖాళీ. రంజాన్ ఇంకో మూడు వారాలు. సాయం అందుకునే ఆడవాళ్ళు మళ్ళీ ఆధార్ కార్డులు పట్టుకుని వరండాలో వరుసగా నిలబడాల్సి వచ్చింది. ఒకసారి చెప్పుకున్న కష్టాన్నే మళ్ళీ చెప్పుకోవడం ఎంత జిల్లతో, నిలబడినవాళ్ళకే తెలుస్తుంది. కమిటీవాళ్ళు పిల్లోడిని తిట్టారు, పిల్లోడు విండోస్‌ను తిట్టాడు. ఆ ఫైలు నా దగ్గరకొచ్చింది. ముప్పై లైన్లు కూడా లేదు. వైరస్ లేదు, జాదూ లేదు, నజర్ తగల్లేదు.

ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ‘బైత్ ఉల్ మాల్’ అని మూడు ముక్కలుగా ఉంది. నకలు తీసే పనిని కింద ఒక సబ్‌రొటీన్‌గా రాసి, పై నుంచి కాల్ అని పిలిచి, ఫోల్డర్ పేరును కొటేషన్ గుర్తులు లేకుండా అందించాడు. ఖాళీ కనబడితే చాలు, బ్యాచ్ భాష అక్కడ తెంపేస్తుంది. దాంతో %1 లోకి ‘బైత్’ ఒక్కటే వెళ్ళింది, ‘ఉల్’ రెండోదైంది, ‘మాల్’ మూడోదైంది. ‘బైత్’ అనే ఫోల్డర్ ఆ కంప్యూటర్‌లో లేనే లేదు. రోబోకాపీ ఆ సంగతి ప్రతివారం నిజాయితీగా చెప్పింది, 16 అనే నంబరు చేతికిచ్చి మరీ చెప్పింది. అడిగినవాళ్ళు లేరు.

దీనికి ఇలాజ్ కష్టమేమీ కాదు. పిలిచేటప్పుడు పేరును కొటేషన్లలో పెట్టాలి. సబ్‌రొటీన్ లోపల %~1 అని రాసి చుట్టూ మళ్ళీ కొటేషన్లు పెట్టాలి. ఆ టిల్డా పాతవాటిని ఊడదీస్తుంది, మనం కొత్తవి తొడుగుతాం. దారి ఎక్కడ కనబడినా ఇదే ఆదత్ కావాలి.

మన ఫోల్డర్ల పేర్లలో ఇంకా తమాషాలున్నాయి. ‘మొహమ్మద్ & సన్స్’ అని కొటేషన్ లేకుండా రాస్తే & దగ్గర ఆదేశం రెండుగా చీలిపోతుంది, ‘సన్స్’ అనేదాన్ని వేరే ఆదేశమనుకుని వెతుకుతుంది. ‘జకాత్ 2.5%’ అయితే మరీ విచిత్రం. బ్యాచ్ ఫైల్లో ఒంటరి % గుర్తు మాయమైపోతుంది, రెండు రాస్తే ఒకటి మిగులుతుంది. అదే పేరును కాల్ ద్వారా సబ్‌రొటీన్‌కు అందిస్తే కాల్ ఆ లైనును ఇంకోసారి చదువుతుంది, ఆ మిగిలింది కూడా పోతుంది. నాలుగు రాస్తే గానీ ఒకటి దక్కదు. జకాత్ లెక్కలో అంత పట్టుదల చూపండి గానీ ఫోల్డర్ పేరులో వద్దు. ‘జకాత్’ అని రాసి ఊరుకోండి.

ఉర్దూలోనో తెలుగులోనో ఫోల్డర్ పేరు పెట్టి దాన్ని స్క్రిప్టులో రాస్తే మరో తంటా. నోట్‌ప్యాడ్ ఫైలును యూటీఎఫ్-8లో దాస్తుంది, నల్ల కిటికీ పాత కోడ్ పేజీతో చదువుతుంది. మన అక్షరాలు ముక్కలుముక్కలై, అలాంటి దారి లేదంటుంది. కోడ్ పేజీని 65001కి మార్చే ఆదేశం మొదట్లో పెడితే చాలావరకు పని నడుస్తుంది. అయినా నా సలహా, స్క్రిప్టు తాకే ఫోల్డర్లకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీల్లేని పేర్లే పెట్టండి. మన జబాన్‌ను గుమ్మం బయట నిలబెట్టినట్టే ఉంటుంది, నాకూ నచ్చదు. కానీ బేవాల జాబితా పోవడం కన్నా అది నయం. లోపలి ఫైళ్ళలో ఎంత ఉర్దూ కావాలంటే అంత రాసుకోండి.

ఆ ముప్పై లైన్లలో నన్ను నిజంగా భయపెట్టింది వేరే ఉంది. పాత నకళ్ళను తుడిచే సబ్‌రొటీన్ ఒకటి కింద రాసి ఉంది. దాన్ని ఎవరూ పిలవట్లేదు. అయినా ప్రతి జుమాకీ అది నడుస్తోంది. ఎందుకంటే బ్యాచ్ ఫైల్లో సబ్‌రొటీన్‌కు గోడలుండవు. కోలన్ పెట్టి రాసే పేరు రోడ్డు పక్కన మైలురాయి లాంటిది, నడిచేవాణ్ణి ఆపదు. అసలు పని అయ్యాక ‘ఎగ్జిట్ స్లాష్ బీ’ అనో, ‘గోటూ కోలన్ ఈఓఎఫ్’ అనో రాసి ఆపాలి. ఆపకపోతే ‘బ్యాకప్ అయిపోయింది’ అని చెప్పేసి నేరుగా కింది సబ్‌రొటీన్‌లోకి నడిచిపోతుంది. పిలవకుండా వెళ్ళింది కాబట్టి %1 ఖాళీ. ‘%~1\*.*’ తుడిచెయ్ అని రాసి ఉంటే, ముందు భాగం లేక ‘\*.*’ మిగులుతుంది. అంటే ఉన్న డ్రైవు మొదట్లోని ఫైళ్ళన్నీ. అడక్కుండా తుడిచే గుర్తు కూడా పెట్టి ఉంది. సీ డ్రైవు మొదట్లో మామూలుగా మన ఫైళ్ళు ఉండవు కాబట్టి బతికిపోయారు. అదే ఫైలును పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి ఉంటే, ఆ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ల బయట ఉన్నదంతా పోయేది. తుడిచే సబ్‌రొటీన్ ఏదైనా సరే, మొదటి లైన్లోనే ‘%1 ఖాళీగా ఉంటే వెనక్కి పో’ అని రాయకపోతే ఆ ఫైలును మస్జిదు గడప దాటనివ్వకండి.

ఇంకో రకం ఫిర్యాదు కూడా తరచూ వింటాను: నేను నొక్కితే పనిచేస్తుంది భాయ్, టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే చేయదు అని. మనం రెండుసార్లు నొక్కినప్పుడు స్క్రిప్టు తన ఇంట్లోనే నిలబడి మొదలవుతుంది. షెడ్యూలర్‌లో ‘స్టార్ట్ ఇన్’ గడి ఖాళీగా వదిలితే విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో నిలబడి వెతుకుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినా అంతే. మొదటి లైన్లోనే ‘సీడీ స్లాష్ డీ’ రాసి, పర్సెంటు, టిల్డా, డీ, పీ, సున్నాను కొటేషన్లలో పెడితే ఎక్కడి నుంచి పిలిచినా ముందు ఇంటికొస్తుంది. ఆ ‘స్లాష్ డీ’ వదిలేస్తే ఫోల్డర్ మారుతుంది గానీ డ్రైవు మారదు. ఆ ఇంటి చిరునామా చివర \ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. దాన్ని అలాగే కొటేషన్లలో పెట్టి రోబోకాపీకి ఇస్తే, ముగింపు కొటేషన్‌ను ఆ \ మింగేసి రెండు దారులూ కలిసిపోతాయి. చివర ఒక చుక్క పెడితే సరిపోతుంది.

వేరే బ్యాచ్ ఫైలును కాల్ లేకుండా పిలిస్తే అదే ఆఖరు, వెనక్కి రాదు. లేబుల్ కళ్ళెదురుగా ఉన్నా కనబడట్లేదని కంప్యూటర్ మొండికేస్తే, ఫైలును లైనక్స్‌లోనో ఫోన్‌లోనో రాశారేమో, లైన్ల చివర్లు విండోస్ పద్ధతిలో ఉన్నాయో లేదో చూడండి.

ఇక గవాహీ సంగతి. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోవాలి, ఇద్దరు గవాహులుండాలి అనే హుకుం బఖరా సూరా 282వ ఆయతులో ఉంది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అదే. హిసాబ్ విషయంలో మన దీన్ ఇంత పక్కాగా ఉంటే, మన స్క్రిప్టుకు ఒక్క గవాహైనా వద్దా? రోబోకాపీ తర్వాతి లైన్లోనే దాని నంబరు చూడాలి. 8, ఆపైన వస్తే ఫెయిల్. 1 వస్తే ఫైళ్ళు కాపీ అయ్యాయని, 0 వస్తే కొత్తగా కాపీ చేయాల్సింది లేదని. చాలామంది 1 కనబడగానే ఎర్రర్ అని రాస్తారు, అది ఇటువైపు అబద్ధం. ‘అయిపోయింది’ అనే మాట 8 కన్నా తక్కువ వచ్చినప్పుడే పలకాలి. రెండో గవాహ్ మనిషి. నెలకొకసారి బ్యాకప్‌లోంచి ఒక ఫైలు తెరిచి, నిన్న రాసిన రసీదు అందులో ఉందో లేదో చూడాలి.

ఈ జమానాలో బ్యాచ్ ఫైళ్ళెందుకు, క్లౌడ్ ఉంది, పవర్‌షెల్ ఉంది అంటారు. కొత్తగా రాసేవాళ్ళు పవర్‌షెల్‌లోనే రాయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఇప్పటికే నడుస్తున్నవాటిని ఎవరు చదువుతారు? అల్గారిథమ్ అనే మాటే మన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టిందని జల్సాల్లో ఛాతీ విరుచుకుంటాం. మన మస్జిదు కంప్యూటర్‌లోని ముప్పై లైన్లు చదివే ఫుర్సత్ మాత్రం ఎవరికీ లేదు. బీకాం కంప్యూటర్స్ చదివి సంబంధాల కోసం ఇంట్లో కూర్చున్న బేటీలు ప్రతి గల్లీలో ఉన్నారు. వాళ్ళని అడగడానికి కమిటీ పెద్దలకు షరమ్. ఎందుకో నాకు అర్థం కాదు. మస్జిదు గదికి రానక్కర్లేదు, ఫైలును వాట్సాప్‌లో పంపితే ఇంట్లో కూర్చునే చదువుతారు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ‘ఎకో ఆఫ్’ లైను ముందు రెమ్ అని రాయండి. ఫైలు మీద నొక్కకండి. ముందు నల్ల కిటికీ తెరిచి అందులోంచి నడపండి, అప్పుడు కిటికీ మూసుకుపోదు. ప్రతి లైనూ %1 స్థానంలో ఏం చేరిందో చూపిస్తూ నడుస్తుంది. ‘బైత్’ దగ్గర తెగిపోయిన పేరు అక్కడే దొరుకుతుంది. తుడిచే లైన్లు ఉంటే మాత్రం వాటి ముందు ముందుగానే ఎకో అని రాసిపెట్టండి. అప్పుడు ఏం తుడవబోతుందో చెబుతుంది, తుడవదు.