బటన్ కనిపిస్తుంది, నొక్కితే ఎర్రర్!

తెల్లారితే ల్యాబ్ ఎగ్జామ్. రాత్రి 11 గంటలకు మా బాబాయి కూతురు ఫోన్. "అన్నయ్యా, టిక్-టాక్-టోలో 9 బటన్లూ వచ్చాయి. నొక్కితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్!"

గ్రిడ్ లేఅవుట్ మార్చి మార్చి చూసిందట పాపం. తప్పు అక్కడ లేదు. క్లాస్‌లో పైన బటన్ల అర్రే డిక్లేర్ చేసింది. కన్‌స్ట్రక్టర్‌లో దానికి విలువ ఇచ్చేటప్పుడు ముందు మళ్లీ టైపు రాసింది. అంతే, అదే పేరుతో ఇంకో లోకల్ వేరియబుల్ పుట్టింది. బటన్లన్నీ అందులోకే వెళ్లాయి, స్క్రీన్ మీదకీ వచ్చాయి. పైనున్నది నల్‌గానే మిగిలింది. ఎవరు గెలిచారో చెక్ చేసే మెథడ్ చూసేది దాన్నే! కంపైలర్ నోరు మెదపదు, జావా రూల్స్ ప్రకారం ఇది తప్పు కాదు మరి.

"ఆ టైపు తీసెయ్" అన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే బగ్ నా రోజంతా తినేసిందని మాత్రం చెప్పలేదు.

కాసేపటికి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్: ఎక్స్ గెలిచింది.